మార్షల్ కుర్రవాళ్ళు ఆడిన ఏడాది

శ్రోతలకు నమస్కారం.

పది ఆటలు, రెండు గెలుపులు, ఎనిమిది ఓటములు. 1971లో అమెరికాలోని మార్షల్ విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు పేరిట మిగిలిన లెక్క ఇది. ఇలాంటి జట్టు గురించి రేడియోలో మాట్లాడటం దేనికని మీకు అనిపించవచ్చు. నా మట్టుకు నాకు, కళాశాల క్రీడల్లో ఇంతకన్నా గొప్ప ఏడాది ఇంకొకటి కనిపించదు.

ముందుగా ఆట సంగతి. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన కాలిబంతి కాదు. కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరుగెత్తుతారు, విసురుతారు. నూరు గజాల మైదానం, పక్షానికి 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి, లేకుంటే బంతి ఎదుటివారి చేతికి పోతుంది. చివరి గీత దాటితే టచ్‌డౌన్, అంటే ఆరు పాయింట్లు. కబడ్డీలో కూతకు వచ్చినవాడిని పట్టేసినట్టే, ఇక్కడ బంతి ఉన్నవాడి మీదపడి నేలకూలుస్తారు. శనివారం వస్తే చాలు, విశ్వవిద్యాలయం ఉన్న ఊరు ఊరంతా మైదానం దగ్గరే ఉంటుంది. అక్కడ చదువుకునే మన పిల్లలను అడిగితే ఆ సందడి ఎలాంటిదో చెబుతారు. ఇంకొక మాట. ఆ రోజుల్లో మొదటి సంవత్సరం విద్యార్థులను ప్రధాన జట్టులో ఆడనిచ్చేవారు కాదు. ఈ నియమం గుర్తుంచుకోండి, దీనితో పని ఉంది.

పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో, ఒహాయో నది ఒడ్డున హంటింగ్టన్ అనే ఊరు ఉంది. మార్షల్ విశ్వవిద్యాలయం అక్కడిదే. 1970 నవంబరు 14, శనివారం. ఉత్తర కరోలినాలో ఈస్ట్ కరోలినా జట్టు చేతిలో 17–14తో ఓడి, మార్షల్ జట్టు విమానంలో ఇంటికి బయలుదేరింది. చీకటి, వాన, పొగమంచు. విమానాశ్రయం దగ్గరపడుతుండగా విమానం ఉండవలసినదానికన్నా కిందికి దిగి, కొండ మీది చెట్లను తాకి కూలిపోయింది. అందులో ఉన్న 75 మందిలో ఒక్కరూ మిగలలేదు. 37 మంది ఆటగాళ్ళు, ప్రధాన కోచ్ రిక్ టాలీతో సహా శిక్షణ బృందం, జట్టును అభిమానించి వెంట వెళ్ళిన ఊరి పెద్దలు. ఆ పెద్దల్లో వైద్యులు ఉన్నారు, భార్యాభర్తలు ఉన్నారు. ఒక్క రాత్రిలో ఎందరో పిల్లలు తల్లినీ తండ్రినీ కలిపి పోగొట్టుకున్నారు. ఆరుగురు ఆటగాళ్ళ దేహాలను ఎవరివో పోల్చుకోలేకపోయారు. ఊరిపైన ఉన్న స్ప్రింగ్ హిల్ శ్మశానవాటికలో వారిని పక్కపక్కనే సమాధి చేశారు.

ఇక ఫుట్‌బాల్ మానేద్దామన్న ఆలోచన వచ్చింది. అలా అనుకున్నవారిని తప్పుపట్టే మనసు నాకు లేదు. చివరకు ఆడాలనే నిశ్చయించారు. కోచ్ పదవికి ఒప్పుకున్న ఒకాయన కొద్దిరోజులకే వెనక్కి వెళ్ళిపోయాడు. అప్పుడు ఒహాయోలోని వూస్టర్ అనే చిన్న కళాశాల నుంచి జాక్ లెంగ్యెల్ ముందుకు వచ్చాడు. పాత శిక్షకుల్లో రెడ్ డాసన్ ఆ ఏడాదికి ఆయనకు తోడుగా నిలిచాడు. కొత్త ఆటగాళ్ళను వెతికే పని మీద ఉండి, ఆ రాత్రి కారులో తిరిగి వచ్చినందువల్ల డాసన్ బతికాడు. తను ఎంపిక చేసిన కుర్రవాళ్ళ ఇళ్ళలో తల్లిదండ్రులకు మాట ఇచ్చి తెచ్చినవాడు. మళ్ళీ అదే మైదానంలో నిలబడి ఈల ఊదడానికి ఆయన ఎంత గుండె చిక్కబట్టుకుని ఉండాలి!

కానీ ఆడేదెవరు? మిగిలినవాళ్ళు కొద్దిమంది. వాళ్ళలో గాయం వల్ల ఆ ప్రయాణానికి వెళ్ళని నేట్ రఫిన్ ఒకడు. ఇతర క్రీడలు ఆడేవారినీ పిలిచి చూశారు. అదీ చాలలేదు. మొదటి సంవత్సరం విద్యార్థులను ఆడనివ్వమని మార్షల్ కోరింది. దేశమంతటి కళాశాల క్రీడలను నడిపే సంఘం ఆ నియమాన్ని వారికోసం సడలించింది. నిన్నటిదాకా హైస్కూలు బల్లల మీద కూర్చున్న పిల్లలు, ఏళ్ళ తరబడి రాటుదేలిన ఆటగాళ్ళకు ఎదురు నిలవాలి.

మొదటి ఆటలో మోర్‌హెడ్ స్టేట్ చేతిలో 29–6తో ఓడారు. వారం తరువాత, సెప్టెంబరు 25న, సొంత ఊళ్ళోని ఫెయిర్‌ఫీల్డ్ స్టేడియంలో జేవియర్ జట్టుతో ఆట. విమానం కూలిన తరువాత ఊరివాళ్ళ కళ్ళెదుట ఆడుతున్న మొదటి ఆట అది. చివరి క్షణాలకు మార్షల్ 13–9తో వెనకబడి ఉంది. గీతకు పదమూడు గజాల దూరం. గడియారంలో ఇక ఒక్క ప్రయత్నానికే సమయం. జట్టు ఎత్తుగడను నడిపించి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ రెజీ ఆలివర్ ఒక పక్కకు పరుగెత్తాడు. జేవియర్ వాళ్ళు అటే ఉరికారు. ఆలివర్ బంతిని రెండో పక్కకు విసిరాడు. అక్కడ టెరీ గార్డ్‌నర్ ఉన్నాడు. మొదటి సంవత్సరం విద్యార్థి! పాత నియమమే నిలిచి ఉంటే ఆ కుర్రవాడు చూసేవాళ్ళ మధ్య కూర్చునేవాడు. బంతి అందుకుని, తోటివాడు తెరిచిన దారిలో గీత దాటేశాడు. 15–13. గడియారం ఆగిపోయింది. జనం మైదానంలోకి దిగి, ఏడుస్తూ, ఒకరినొకరు పట్టుకుని, చాలాసేపు అక్కడే ఉండిపోయారు.

మరుసటి వారం ఒహాయోలోని మయామీ విశ్వవిద్యాలయం చేతిలో 66–6తో ఓటమి. ఆ తరువాత కొన్ని ఆటల్లో ఒక్క పాయింటూ రాలేదు. అక్టోబరు చివర బౌలింగ్ గ్రీన్ మీద 12–10తో ఇంకొక్క గెలుపు. అంతే. లెంగ్యెల్ నాలుగేళ్ళలో గెలిచినవి 9, ఓడినవి 33. గెలుపులు ఓటములను దాటిన ఏడాది కోసం ఆ ఊరు 1984 దాకా ఎదురుచూసింది. అప్పటిదాకా ఎదురుచూడటానికి ఒక జట్టంటూ ఉన్నదంటే, 1971లో ఆ పిల్లలు 66–6 తరువాత కూడా మళ్ళీ శనివారం దుస్తులు తొడుక్కుని మైదానంలోకి వచ్చినందువల్లే. 1996లో మార్షల్ ఆడిన 15 ఆటలూ గెలిచి తన విభాగంలో జాతీయ విజేత అయింది.

విశ్వవిద్యాలయం ఆవరణలో 1972లో కట్టిన స్మారక ఫౌంటెన్ ఒకటి ఉంది. ఏటా నవంబరు 14న విద్యార్థులు, ఊరివాళ్ళు దాని చుట్టూ చేరి, నీటిని ఆపేస్తారు. వసంతం వచ్చాకే మళ్ళీ వదులుతారు.

1971 జట్టుకు నాయకుడిగా ఉన్న నేట్ రఫిన్ 2001లో కాన్సర్‌తో మరణించాడు. స్ప్రింగ్ హిల్‌లో, ఎవరి దేహమేదో తెలియని ఆ ఆరుగురి పక్కనే ఆయనను సమాధి చేశారు.