ఇంట్లో ఇత్తడి బుద్ధుడు

శ్రోతలకు నమస్కారం.

మన సిక్కోలులో, అంటే శ్రీకాకుళం జిల్లాలో, ఇత్తడి అనగానే గుర్తొచ్చేది బుడితి ఊరు. అక్కడి కంచరుల ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) ఉంది. బుద్ధుడనగానే వంశధార ఒడ్డున శాలిహుండం. ఆ కొండమీది బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది గిడుగు రామమూర్తి గారే. విజయనగరం వైపు రామతీర్థం దగ్గర గురుభక్తులకొండ అనే బౌద్ధ క్షేత్రం ఉండనే ఉంది. ఇలాంటి చోట ఇత్తడి బుద్ధుణ్ణి ఇంటికి తెచ్చుకోవాలనుకునేవాళ్ళతో ఈ పూట నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

దుకాణంలో చాలామంది ముందు అడిగేది బరువు, తర్వాత చూసేది మెరుపు. నన్నడిగితే ముందు ముఖం చూడండి. సగం మూసిన కళ్ళు రెండూ ఒక్క తీరుగా ఉన్నాయా, పెదవుల అంచు స్పష్టంగా తేలిందా? తర్వాత చేతులు. కుడిచెయ్యి మోకాలి మీదుగా నేలను తాకుతుంటే భూమిస్పర్శ ముద్ర, జ్ఞానోదయ వేళను చూపేది. రెండు చేతులూ ఒడిలో ఉంటే ధ్యానం. అరచెయ్యి మనవైపు ఎత్తి ఉంటే అభయం. వేళ్ళు విడివిడిగా, సన్నగా తీర్చారంటే పనివాడు మనసుపెట్టి చేశాడన్నమాట. పెద్ద పొట్టతో నవ్వే బొమ్మను బుద్ధుడనే అమ్ముతారు. ఆయన చైనాకు చెందిన ఒక భిక్షువు, గౌతముడు కాదు. తెలిసి కొనుక్కుంటే తప్పేం లేదు.

జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి. అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత. అంటుకోనంత మాత్రాన ఇత్తడే అనుకోకండి, అల్యూమినియం కూడా అంటుకోదు. అందుకే తిరగేసి పీఠం అడుగు చూడాలి. రంగు వెయ్యని చోట పసుపు లోహం కనపడాలి.

ఇక శుభ్రం చెయ్యడం. పండగొస్తే దీపపు కుందులూ చెంబులూ చింతపండుతో పరపరా తోమేస్తాం. విగ్రహానికి మాత్రం ఆ తోముడు వద్దని గట్టిగా చెబుతున్నాను. ఇత్తడి అంటే రాగి, జింకు. పులుపు ఎక్కువసేపు ఉంటే జింకు పోయి ఎర్రటి మచ్చలు తేలతాయి. పీచుతో, పీతాంబరితో వారం వారం రుద్దితే ముందు అరిగేది ముక్కు, కనుబొమలు, పెదవులు. అంటే ఏ ముఖం చూసి తెచ్చుకున్నామో అదే పోతుంది. చీవరం, అంటే ఆయన కట్టుకున్న వస్త్రం మడతల్లో, జుట్టు ఉంగరాల్లో నిలిచిన నలుపు మురికి కాదు, దానివల్లే చెక్కడం కళ్ళకు కడుతుంది. దాన్ని ఉండనివ్వండి.

మామూలుగా మెత్తని పాత నూలుగుడ్డ, మూలలకు చిన్న బ్రష్ చాలు. జిడ్డుంటే గోరువెచ్చని నీళ్ళలో కొంచెం సబ్బు కలిపి, గుడ్డ తడిపి తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టాలి. విగ్రహాన్ని నీళ్ళలో ముంచొద్దు. చాలావాటికి లోపల బోలు ఉంటుంది. నీళ్ళు చేరితే అడుగునుంచి కిలుము పడుతుంది. కొత్తవాటి మీద పారదర్శకమైన లక్క పూత ఉంటే పొడిగుడ్డ తప్ప ఇంకేమీ వాడొద్దు. కళింగపట్నం, భావనపాడు లాంటి తీరపు ఊళ్ళలో ఉప్పుగాలి తగిలి తొందరగా ఆకుపచ్చ కిలుము పడుతుంది, కాబట్టి సముద్రం వైపు కిటికీ దగ్గర పెట్టకండి. అగరొత్తి పొగ నేరుగా ముఖానికి తగలకుండా కాస్త ఎడంగా వెలిగించండి. ఎత్తేటప్పుడు చెయ్యినో తలనో పట్టుకోకుండా పీఠం కింద రెండు చేతులూ పెట్టండి.

ఇంకో మాట. పొలం దున్నుతుంటేనో, పునాది తవ్వుతుంటేనో పాత విగ్రహం బయటపడితే దాని మట్టి కూడా కడగకండి. ఏ పొరలో, ఏ లోతులో దొరికిందన్నదే పురావస్తు శాఖవారికి ఆధారం. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. ఊళ్ళో అయితే ముందు తహసీల్దారు ఆఫీసులో చెప్పి, వాళ్ళు వచ్చేదాకా ఆ చోటు కదపకుండా ఉంచండి. నమస్కారం.