పుట్టగొడుగులు కరకరలాడాలంటే నీళ్ల సంగతి చూడాలి

శ్రోతలందరికీ నమస్కారం. హోటల్‌కి వెళ్తే క్రిస్పీ మష్రూమ్స్ అని ఓ ప్లేటు తెస్తారు. పైన కరకరలాడే బంగారు రంగు పూత, కొరికితే లోపల రసం, పక్కన చిన్న గిన్నెలో చిక్కటి తెల్లటి డిప్. అదే ఇంట్లో చేస్తే చాలాసార్లు రెండో వాయి దిగేలోపే మొదటి వాయి మెత్తబడిపోతుంది, పూత ఊడిపోతుంది, పట్టుకుంటే చేతికి నూనె. అప్పుడు అందరూ పిండినే అనుమానిస్తారు, కార్న్‌ఫ్లోర్ తక్కువైందా, సోడా వేయాల్సిందా అని. నన్నడిగితే పిండిది రెండో స్థానం. మనం గెలవాల్సింది నీళ్లని. మార్కెట్లో దొరికే తెల్ల బటన్ పుట్టగొడుగుల్లో 100 గ్రాములకు 90 గ్రాములకు పైగా నీళ్లే. వేడి తగలగానే ఆ నీళ్లు బయటికి రావాలని చూస్తాయి, పైనున్న పూతని లోపలి నుంచి తడిపేస్తాయి. ఇది తెలిశాక మిగతా పనులన్నీ ఎందుకు చేస్తున్నామో వాటంతట అవే అర్థమవుతాయి.

కొనేటప్పుడే మొదలుపెడదాం. గొడుగు కిందివైపు చూడండి, కాడ దగ్గర మూసుకుని ఉంటే తాజావి, విచ్చుకుని లోపలి నల్లటి మడతలు కనిపిస్తుంటే ముదిరినవి. ముదిరినవి కూరకి బాగానే ఉంటాయి, వేపుడుకి మాత్రం మూసుకున్నవే తీసుకోండి. పైన అక్కడక్కడా గోధుమ రంగు మచ్చలుంటే కంగారు పడక్కర్లేదు, కానీ ముట్టుకుంటే జిగురుగా ఉన్నా, వాసన తేడాగా ఉన్నా ఆ ప్యాకెట్ వద్దు. ఇంటికి తెచ్చాక ప్లాస్టిక్ కవర్లోనే ఉంచితే లోపల చెమ్మ పడుతుంది, కాగితం సంచిలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇక కడగడం. పుట్టగొడుగుల్ని అసలు కడగకూడదు, తడిగుడ్డతో తుడవాలి అని కొందరు గట్టిగా చెబుతారు. అంత భయం అవసరం లేదు. కోయకముందు కుళాయి కింద గబగబా కడిగితే అవి లోపలికి పీల్చుకునే నీళ్లు చాలా తక్కువ. అసలు ఇబ్బంది పైన అంటుకుని ఉండిపోయే తడితోనే. కాబట్టి మట్టి పోయేలా కడగండి, నానబెట్టకండి, వెంటనే పొడిగుడ్డ మీద పరిచి పైన ఇంకో గుడ్డతో అద్ది, ఫ్యాన్ కింద ఓ పావుగంట వదిలేయండి. కోసిన తర్వాత మాత్రం నీళ్లు తగలనివ్వకండి.

ఇంకో మాట, ముక్కలకి ముందే ఉప్పు పట్టించి పక్కన పెట్టే అలవాటు మనకి చికెన్ దగ్గర్నుంచి వచ్చింది. ఇక్కడ అది పనికిరాదు. ఉప్పు తగిలిన పది నిమిషాలకే గిన్నె అడుగున నీళ్లు చేరతాయి. ఉప్పు, కారం, మిరియాల పొడి, అల్లం వెల్లుల్లి ముద్ద, వేసేదేదైనా పిండిలో వేయండి.

పెద్ద పుట్టగొడుగులైతే రెండు చెక్కలుగా కోసి, నూనె లేని వేడి మూకుట్లో ఓ మూడు నాలుగు నిమిషాలు తిప్పండి. నీరు ఊరి, ఆవిరై పోతుంది, ముక్క కాస్త చిన్నదవుతుంది. మెత్తబడి ముద్దయిపోతుందేమో అనుకోవద్దు. పుట్టగొడుగు మొక్క కాదు, శిలీంధ్రం. దాని కణాల గోడల్లో కైటిన్ ఉంటుంది, రొయ్య పెంకులో ఉండే పదార్థం అదే. వంకాయో బెండకాయో ఎక్కువ ఉడికితే చితికిపోతుంది కానీ, పుట్టగొడుగు ఎంత వేడికైనా కొరుకుడు పోగొట్టుకోదు. పైగా నీళ్లు పోయిన కొద్దీ రుచి చిక్కబడుతుంది. ముక్కలు పూర్తిగా చల్లారాకే పిండి పట్టించండి.

ఇప్పుడు పిండి. 200 గ్రాముల ప్యాకెట్‌కి లెక్క చెబుతాను. మైదా అర కప్పు, కార్న్‌ఫ్లోర్ పావు కప్పు, బియ్యప్పిండి రెండు చెంచాలు, రుచికి ఉప్పు, అర చెంచా మిరియాల పొడి, అర చెంచా కారం, ఓ చెంచా అల్లం వెల్లుల్లి ముద్ద. కలపడానికి ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి నీళ్లే వాడండి, ప్లెయిన్ సోడా ఉంటే ఇంకా మంచిది, అందులోని బుడగల వల్ల పూత తేలిగ్గా వస్తుంది. చల్లటి నీళ్లు ఎందుకంటే, మైదాని గోరువెచ్చటి నీళ్లతో బాగా చిలికితే అందులోని గ్లూటెన్ అనే సాగే ప్రొటీన్ సాగి పూత రబ్బరులా తయారవుతుంది. చల్లగా ఉంచి, తక్కువగా కలిపి, ఒకటి రెండు చిన్న ఉండలున్నా వదిలేయాలి. కార్న్‌ఫ్లోర్‌లో, బియ్యప్పిండిలో గ్లూటెన్ లేదు, కరకర వాటి నుంచే వస్తుంది. చెంచా ముంచి తీస్తే వెనకవైపు పట్టుకుని, వేలితో గీస్తే గీత నిలవాలి, అంత చిక్కదనం చాలు.

మరి మన శనగపిండి సంగతేంటి అంటారా? శనగపిండితో చేస్తే అది పుట్టగొడుగు బజ్జీ అవుతుంది, వానాకాలం సాయంత్రం వేడివేడిగా తినడానికి దానికి మించింది లేదు, నాకూ ఇష్టమే. కానీ శనగపిండి పూత మెత్తగా పొంగుతుంది, కరకర ఎక్కువసేపు నిలవదు. ఇవాళ మనకి కావాల్సింది ఆ తరహా కాదు.

మూడు పళ్లేలు పెట్టుకోండి. మొదటి దాంట్లో పొడి మైదా, రెండో దాంట్లో ఇప్పుడు కలిపిన జారు, మూడో దాంట్లో రస్కుల పొడి. ముక్కని ముందు పొడి మైదాలో దొర్లించి దులపాలి. చాలామంది వదిలేసేది ఈ పనే. మిగిలిన కాస్త తడిని ఆ పొడి పీల్చుకుంటుంది, దాని మీద జారు గట్టిగా పట్టుకుంటుంది, అందుకే పూత ఊడదు. తర్వాత జారులో ముంచి, ఎక్కువైంది కారిపోనిచ్చి, రస్కు పొడిలో వేసి అరచేత్తో మెల్లగా అదమండి. రస్కులు లేకపోతే బ్రెడ్డు ముక్కల్ని పెనం మీద ఎండేలా కాల్చి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే సరి. అన్నీ అయ్యాక పళ్లెంలో పరిచి పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి, పూత బిగుసుకుంటుంది.

నూనె దగ్గర తొందర వద్దు. వేరుశనగ నూనె గానీ పొద్దుతిరుగుడు నూనె గానీ మూకుట్లో సగానికి మించకుండా పోయండి. వేడి 175 నుంచి 180 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటర్ లేకపోతే ఒక చుక్క జారు వేసి చూడండి. అడుగుకి వెళ్లి అక్కడే కూర్చుంటే నూనె కాగలేదు, పడీ పడగానే నల్లబడితే మరీ ఎక్కువ కాగింది, కాస్త మునిగి వెంటనే బుడగలతో పైకి తేలితే సరిగ్గా ఉన్నట్టు. ఆ బుడగలన్నీ నీటి ఆవిరే. ఆవిరి బయటికి తోసుకొస్తున్నంతసేపు నూనె లోపలికి పోలేదు. కాగని నూనెలో వేస్తే ఆ తోపు ఉండదు, పూత నూనె తాగేస్తుంది. ఒకేసారి ఎక్కువ ముక్కలు వేసినా నూనె చల్లబడి ఇదే జరుగుతుంది, ఐదారు చొప్పున వేయండి. మూడు నిమిషాలకి లేత బంగారు రంగు వస్తుంది, తీసేయండి. అన్ని వాయిలూ అయ్యాక నూనె ఇంకాస్త వేడి చేసి, మళ్లీ ఒక్క నిమిషం వేయించండి. మొదటిసారి వేగాక లోపలి నీరు మెల్లగా పూతలోకి చేరుతుంది, రెండోసారి వేయించినప్పుడు అది కూడా పోతుంది. హోటల్ వాళ్లు ప్లేటు తెచ్చే ముందు చేసేది చాలావరకు ఇదే.

తీసినవి జల్లెడ మీదో, చిల్లుల పళ్లెం మీదో విడివిడిగా పరచండి. కాగితం మీద కుప్పపోసి మూత పెడితే ఇంత కష్టమూ ఆవిరికి మెత్తబడిపోతుంది. పిల్లలకి పెట్టేటప్పుడు ఒకటి తుంచి చూపించి పెట్టండి, పైన చల్లారినట్టే ఉన్నా లోపలి రసం నాలుక కాల్చేంత వేడిగా ఉంటుంది.

డిప్ విషయంలోనూ నీళ్లదే పెత్తనం. రెండు కప్పుల గడ్డ పెరుగుని పలచటి గుడ్డలో మూటకట్టి, కింద గిన్నె పెట్టి, ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు వేలాడదీయండి. సగానికి తగ్గి, వెన్నలాంటి ముద్ద మిగులుతుంది. కారిన తేట పారబోయకండి, చపాతీ పిండి కలపడానికి బాగుంటుంది. ఆ ముద్దలో రెండు చెంచాల మీగడ, సన్నగా దంచిన ఒక వెల్లుల్లి రెబ్బ, ఉప్పు, మిరియాలు, కొన్ని చుక్కల నిమ్మరసం, తరిగిన కొత్తిమీర వేసి గిలక్కొట్టండి. వెల్లుల్లి ఒక్కటి చాలు, పచ్చి వెల్లుల్లి ఘాటు సేపు గడిచేకొద్దీ పెరుగుతుంది. కీరా వేయాలనిపిస్తే తురిమి, చేత్తో గట్టిగా పిండేసి, నీళ్లు తీసేసి వేయండి. నాకు అన్నిటికన్నా నచ్చింది చెబుతాను, కొత్తిమీర, నిమ్మరసం మానేసి ఆ పెరుగు ముద్దలో ఒక చెంచా ఆవకాయ గుజ్జు నూనెతో సహా కలపండి. ఆ ఆవపిండి ఘాటు పుట్టగొడుగుకి ఎంత బాగా కుదురుతుందో తిని చూస్తే తెలుస్తుంది.

మయోనైజే కావాలంటే గుడ్డు లేకుండా చేసుకోండి. చల్లటి పాలు అర కప్పు, నూనె ఒక కప్పు, చిటికెడు ఆవపొడి, ఉప్పు, కాస్త నిమ్మరసం. పాలు మిక్సీలో తిప్పుతూ నూనెని సన్నటి ధారగా పోస్తే పాలలోని ప్రొటీన్లు నూనెని పట్టుకుని చిక్కబడుతుంది. పచ్చి గుడ్డుతో వద్దని ఎందుకంటున్నానంటే, అందులో సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండే అవకాశం ఉంది, మన వాతావరణంలో బయట కాసేపుంటే చాలు పెరిగిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న పచ్చి గుడ్డు మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించింది కూడా. ఇంట్లో పిల్లలూ పెద్దవాళ్లూ తినే దానికి ఆ రిస్క్ ఎందుకు?

తొలకరికి పుట్టల మీద మొలిచే పుట్టగొడుగుల్ని రోడ్డు పక్కన గంపల్లో అమ్ముతుంటారు. వాటికి ఈ వేపుడు చేయకండి, ఆ రుచికి ఉల్లిపాయలతో కూరే న్యాయం. ఎక్కడో పొలం గట్టున మీకు కనిపించినవైతే, బాగా ఎరిగినవాళ్లు చూసి చెప్పనిదే ఇంటికి తేవద్దు, విషపు పుట్టగొడుగులు వండినా విషమే.

వేయించిన నూనెలో రస్కు పొడి మాడి అడుగున మిగులుతుంది, చల్లారాక వడకట్టి రెండు మూడు రోజుల్లో తాలింపులకి వాడేయండి, మళ్లీ మళ్లీ కాచొద్దు. వేపుడు ముక్కలు మిగిలితే మైక్రోవేవ్‌లో పెట్టకండి, మెత్తబడతాయి. పొడి పెనం మీద సన్నసెగన మూత లేకుండా అటూ ఇటూ తిప్పితే మళ్లీ కరకరలాడతాయి. సెలవు, నమస్కారం.