ఫ్లెక్సీ కడతాం, పాఠం మాత్రం దాటేస్తాం

నమస్కారమండీ. మూడేళ్ల కిందట మా పెద్దమ్మ మనవరాలు పెద్దమనిషి అయింది. పన్నెండేళ్ల పిల్ల. తాటాకు చాప మీద కూర్చోబెట్టి చిమ్మిలి తినిపించారు. తర్వాత మంచి రోజు చూసి ఫంక్షన్ పెట్టారు. రోడ్డు మలుపులో పెద్ద ఫ్లెక్సీ, దాని మీద పట్టుబట్టల్లో పిల్ల ఫొటో, కింద వరసగా దండం పెడుతూ మామయ్యలు, బాబాయిలు. ఆరు వందల మందికి భోజనాలు. వచ్చినవాళ్లంతా అక్షింతలు వేసి, చేతిలో కవరు పెట్టి, ఫొటో దిగి వెళ్లారు. జనం పలచబడ్డాక నేను వెళ్లి పక్కన కూర్చుంటే, పిల్ల నా చెవి దగ్గరికి వచ్చి అడిగింది: "పిన్నీ, ఇది ఎన్నాళ్లకి తగ్గుతుంది?"

జబ్బు అనుకుంటోందండీ. తగ్గేది కాదమ్మా, ఇక నెలనెలా వస్తుంది అని చెబితే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఊరంతటికీ మైకులో చాటిన సంగతి, ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

అదే ఫంక్షన్‌లో ఇద్దరు బంధువులు పిల్ల తల్లిని, అంటే మా అక్కని, పక్కకి పిలిచి సంబంధం ఊసెత్తారు. "ఇప్పుడే కాదులే, మాట అనుకుని ఉంచుకుందాం" అన్నారు. పిల్ల ఏడో తరగతి చదువుతోంది.

ఈ రోజు మాట్లాడాలనుకున్నది దీని గురించే. బడిలో సెక్స్ ఎడ్యుకేషన్ చెబితే చిన్న వయసులో గర్భాలు తగ్గుతాయా? ఆ మాట ఎత్తగానే మన పెద్దవాళ్లు చాలామంది "అవన్నీ చెబితే పిల్లలు చెడిపోరూ?" అంటారు. ఫ్లెక్సీ కట్టేటప్పుడు లేని సిగ్గు, పాఠం చెప్పేటప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో నాకు ఆ రోజు నుంచీ అర్థం కావడం లేదు.

ముందు మన దగ్గర పరిస్థితి ఏంటో చూద్దాం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులయ్యారు, లేదా కడుపుతో ఉన్నారు. అంటే ఎనిమిది మందిలో ఒకరు. దేశం మొత్తం మీద ఇది 6.8 శాతం. అంతకుముందు సర్వేలో మన అంకె 11.8. అన్ని రాష్ట్రాలూ తగ్గించుకోవాలని చూస్తుంటే మన దగ్గర పెరిగింది. తెలంగాణలో 10.6 నుంచి 5.8కి దిగింది, అది సంతోషించాల్సిన విషయమే. కేరళలో 2.4.

పదహారేళ్ల పిల్లకి కాన్పు అంటే ఏంటో ఏ ఏఎన్ఎమ్మమ్మని అడిగినా చెబుతుంది. ఆ వయసు పిల్లల్లో సగం మందికి పైగా ముందే రక్తం తక్కువ. బీపీ పెరగడం, గుర్రపువాతం రావడం, నెలలు నిండకుండా కాన్పు, తక్కువ బరువుతో బిడ్డ. తన ఒళ్లే ఇంకా ఎదుగుతోంది, అందులోంచే ఇంకో ప్రాణానికి పెట్టాలి.

సరే, పాఠం సంగతికి వద్దాం. మన దేశంలో 2005లో కేంద్ర ప్రభుత్వం బడుల్లో కౌమార విద్యా కార్యక్రమం మొదలుపెట్టింది. ఎయిడ్స్ నివారణ కోసం, పిల్లలకి తమ శరీరం గురించి తెలియడం కోసం. 2007 కల్లా పెద్ద గొడవైంది. గుజరాత్, మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాలు మాకొద్దన్నాయి. రాజ్యసభ పిటిషన్ల కమిటీకి విషయం వెళ్లింది. దానికి అధ్యక్షుడు మన వెంకయ్యనాయుడు గారే. 2009లో ఆ కమిటీ, బడుల్లో సెక్స్ ఎడ్యుకేషన్ ఉండకూడదని, పెళ్లికి ముందు శారీరక సంబంధం వద్దన్న మాట పిల్లలకి చెప్పాలని నివేదిక ఇచ్చింది. ఆయన మీద నాకు గౌరవం ఉంది. ఈ విషయంలో మాత్రం కమిటీ పొరపాటు చేసిందనే నా అభిప్రాయం. ఎందుకంటే "వద్దు" అని మాత్రమే చెప్పే పాఠాన్ని అప్పటికే ఒక దేశం పరీక్షించి చూసింది.

అమెరికాలో పెళ్లిదాకా దూరంగా ఉండండి అని మాత్రమే బోధించే కార్యక్రమాలకి ప్రభుత్వం చాలా ఏళ్లు డబ్బు పోసింది. వాటిలో నాలుగింటి మీద అక్కడి చట్టసభే అధ్యయనం చేయించింది. 2007లో ఫలితం వచ్చింది. ఆ పాఠం విన్న పిల్లలకీ, వినని పిల్లలకీ తేడా లేదు. మొదటిసారి సంబంధం పెట్టుకున్న సగటు వయసు కూడా ఇద్దరిలో ఒకటే. ఇక "చెబితే చెడిపోతారు" అనే భయం సంగతి. యునెస్కో అనేక దేశాల అధ్యయనాలు పరిశీలించి 2018లో మార్గదర్శకాలు మళ్లీ విడుదల చేసింది. శరీరం గురించి, గర్భనిరోధం గురించి పూర్తిగా చెప్పినంత మాత్రాన పిల్లలు తొందరపడటం లేదని అందులో స్పష్టంగా ఉంది. ఈ భయం ఉన్న తల్లిదండ్రులని నేను తప్పుపట్టను. భయం ప్రేమలోంచే వస్తుంది. కానీ దానికి ఆధారం లేదు.

ఇప్పుడు నా వైపు వాళ్లకి కూడా నచ్చని మాట ఒకటి చెప్పాలి. పాఠం పెట్టేస్తే గర్భాలు తగ్గిపోతాయి అనేది కూడా నిజం కాదండీ. 2016లో, వైద్య పరిశోధనలని కలిపి పరిశీలించే కొక్రేన్ అనే సంస్థ, 55 వేల మందికి పైగా పిల్లలతో జరిగిన ఎనిమిది పెద్ద ప్రయోగాలని కలిపి చూసింది. తరగతిలో పాఠం ఒక్కటే చెప్పి ఊరుకున్న చోట గర్భాలు తగ్గినట్టు కనిపించలేదు. ఆడపిల్ల బడి మానకుండా సాయం చేసిన చోట తగ్గే సూచనలు కనిపించాయి.

కెన్యా దేశంలో జరిగింది వింటే ఇది బాగా అర్థమవుతుంది. ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ క్రీమర్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు ఉన్నారు, 2019లో అభిజిత్ బెనర్జీతో కలిసి నోబెల్ అందుకున్నవాళ్లు. వాళ్లు పాస్కలీన్ డూపా అనే ఇంకో ఆర్థికవేత్తతో కలిసి 2003లో పశ్చిమ కెన్యాలో 328 బడుల్లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. కొన్ని బడుల్లో టీచర్లకి ఎయిడ్స్ పాఠం చెప్పడంలో శిక్షణ ఇచ్చారు. ఆ పాఠం సారాంశం కూడా పెళ్లిదాకా ఆగండి అనే. కొన్ని బడుల్లో పాఠం జోలికి పోకుండా, పిల్లలకి ఉచితంగా యూనిఫాం ఇచ్చారు. అంతే, రెండు జతల బట్టలు. అక్కడ యూనిఫాం కొనలేక బడి మానేసే పిల్లలు చాలామంది.

పాఠం చెప్పిన చోట గర్భాలు తగ్గలేదు. యూనిఫాం ఇచ్చిన చోట, మూడేళ్లలో గర్భం దాల్చిన అమ్మాయిల శాతం 16 నుంచి 13కి పడింది. పెళ్లిళ్లు కూడా తగ్గాయి.

అయితే పాఠం దండగేనా? అక్కడే డూపా ఇంకో చిన్న పని చేశారు. ఎనిమిదో తరగతి పిల్లల దగ్గరికి వెళ్లి, మొత్తం నలభై నిమిషాల్లోనే ఒక చిన్న వీడియో చూపించి, ఏ వయసు మగవాళ్లలో ఎయిడ్స్ ఎంతుందో లెక్కలు బోర్డు మీద రాశారు. పెద్ద వయసు మగవాళ్లతో ప్రమాదం ఎక్కువని ఆ అంకెలే చెప్పాయి. వద్దు, తప్పు, పాపం అనే మాటలేవీ లేవు. ఆ బడుల్లో అమ్మాయిల గర్భాలు 28 శాతం తగ్గాయి. ఒక్క క్లాసు. పిల్లలకి వాళ్ల ఊళ్లో ఉన్న ప్రమాదం ఏంటో నిజంగా చెబితే, వాళ్లే లెక్క వేసుకున్నారు.

ఇంగ్లండ్ కథ కూడా ఇలాంటిదే. 1999లో అక్కడి ప్రభుత్వం పాఠంతో పాటు క్లినిక్కులు, సలహా ఇచ్చే మనుషులు, చదువు ఆగిపోయిన అమ్మాయిలకి సాయం, అన్నీ కలిపి నడిపింది. పద్దెనిమిది లోపు గర్భాలు 1998తో పోలిస్తే 2014కి సగమయ్యాయి.

ఇక మన ఊరికి వద్దాం. మనకి, ఆ దేశాలకి ఒక పెద్ద తేడా ఉంది. మన దగ్గర చిన్న వయసు గర్భాల్లో ఎక్కువ శాతం పెళ్లిలోనే వస్తున్నాయి. అదే సర్వేలో, 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5. పిల్ల చెడిపోతుందని పాఠం ఆపేశాం. అదే పిల్లని పదహారేళ్లకి తలంబ్రాలు పోసి పంపిస్తున్నాం.

నా పదో తరగతిలో మా బెంచీలో ఒక అమ్మాయి ఉండేది. బొమ్మలు అద్భుతంగా వేసేది. జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చేసరికి మా సార్ పుస్తకం మూసి, "ఇది మీరే చదువుకోండి, గర్భాశయం బొమ్మ మాత్రం పరీక్షకి ఇంపార్టెంట్" అన్నారు. ఆ అమ్మాయి ఆ బొమ్మ వేసి, భాగాలన్నిటికీ స్కేలుతో గీతలు గీసి, పేర్లు తప్పు లేకుండా రాసింది. నేను తన నోట్సు చూసే నేర్చుకున్నాను. పరీక్షలయ్యాయి. జూనియర్ కాలేజీ పద్నాలుగు కిలోమీటర్లు, రోజుకి రెండే బస్సులు. వాళ్లమ్మ మా అమ్మతో అన్న మాట నాకింకా గుర్తుంది: "రోజూ బస్సెక్కించి ఇంటికొచ్చేదాకా టెన్షన్ పడేకన్నా, ఓ అయ్య చేతిలో పెడితే నిశ్చింత కదా వదినా." ఆ వేసవిలోనే మేనరికం చేసేశారు. మళ్లీ నేను చూసేసరికి చంకలో పిల్లాడు. తను చెప్పింది, "మూడు నెలలు రాకపోయినా నాకు తెలియలేదే. నెల తప్పితే కడుపని మా అత్త చెబితే తెలిసింది."

బొమ్మకి పూర్తి మార్కులు వచ్చిన అమ్మాయండీ.

అందుకే నేను పాఠం కావాలా, బస్సు కావాలా అని విడగొట్టి మాట్లాడను. పాఠం ఎంత బాగా రాసినా, దాని అవసరం అందరికన్నా ఎక్కువున్న పిల్ల ఆ రోజుకి బెంచీ మీద ఉండాలి కదా. ఆడపిల్ల ఇంటర్ దాటి చదవడం మామూలైపోయిన కేరళ అంకె 2.4 దగ్గర ఉండటంలో నాకు ఆశ్చర్యం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో కల్యాణమస్తు సాయానికి వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలని నిబంధన పెట్టారు. తెలంగాణ కల్యాణలక్ష్మికి పిల్లకి పద్దెనిమిది నిండాలి. ఏ పార్టీ పెట్టింది అన్నది పక్కన పెట్టండి, ఇలాంటి మెలికలు మంచివి. నన్నడిగితే ఆ పది ఇంటర్ కావాలి. కస్తూర్బా బడుల్లో హాస్టల్ సీట్లు పెరగాలి. కాలేజీ టైముకి బస్సు ఉండాలి.

పాఠంలో ఏముండాలి? అండం, శుక్రకణం దగ్గర ఆగిపోతే లాభం లేదు. నెల తప్పడం అంటే ఏంటో ఉండాలి. పద్దెనిమిది లోపు పెళ్లి చేస్తే నేరమని, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే ఆపుతారని, ఫోన్ చేసిన వాళ్ల పేరు బయటికి రాదని ఉండాలి. పెళ్లయిపోయినా మొదటి కాన్పు ఎలా వాయిదా వేసుకోవచ్చో ఉండాలి. 2017లో సుప్రీంకోర్టు, పద్దెనిమిది నిండని భార్యతో సంబంధం కూడా అత్యాచారమేనని తీర్పు చెప్పిన సంగతి ఉండాలి. ఇది మగపిల్లలకి మరీ ముఖ్యం. చాలా బడుల్లో ఈ విషయాలు ఎప్పుడైనా చెప్పినా, మగపిల్లల్ని గ్రౌండుకి పంపేసి చెబుతారు. రేపు తాళి కట్టేది వాళ్లే కదా!

ఇంకోటి, చాలామందికి తెలియనిది. పద్దెనిమిది లోపు అమ్మాయి గర్భంతో వస్తే, పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం ప్రకారం డాక్టరు పోలీసులకి చెప్పాలి. ఆ భయంతోనే ఎంతోమంది ఆసుపత్రికి రారు, మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి మింగించేస్తారు. రక్తం ఆగక ప్రాణం మీదికి వస్తుంది. 2022 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు, గర్భస్రావం కోసం వచ్చిన మైనర్, ఆమె సంరక్షకులు కోరితే పేరు, వివరాలు పోలీసులకి ఇచ్చే సమాచారంలో చెప్పనక్కర్లేదంది. తల్లో తండ్రో రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆసుపత్రిలో చట్టప్రకారమే చేస్తారు. ఈ సంగతి ప్రతి తల్లికీ తెలియాలి. 2025 అక్టోబర్‌లో అదే కోర్టు, ఈ పాఠాలు తొమ్మిదో తరగతి దాకా ఆగకుండా ఇంకా చిన్న వయసు నుంచే చెప్పాలని కూడా అంది.

మా పెద్దమ్మ మనవరాలు ఇప్పుడు పదో తరగతి. ఆ సంబంధం మాట మా అక్క మళ్లీ ఎత్తనివ్వలేదు. మొన్న ఫోన్ చేసి, "పిన్నీ, ఆ పాఠం మా టీచర్ దాటెయ్యలేదు" అని చెప్పింది. అబ్బాయిల్ని బయటికి పంపలేదట. మొదటి పది నిమిషాలు వెనక బెంచీల్లో ఒకటే నవ్వులట. టీచర్ ఏమీ అనకుండా చెప్పుకుంటూ పోయారట. చివర్లో ఏమైనా అడగాలా అంటే, నవ్విన వాళ్లలోంచే ఒక అబ్బాయి లేచాడట. "మా అక్కకి పదిహేడేళ్లు టీచర్. ఐదో నెల. రక్తం తక్కువుందన్నారు. ఏం పెట్టమంటారు?" అని అడిగాడట.