రాకెట్ పోయాక డాబా దిగకండి: ఉపగ్రహాలు విన్న నా ఏడాది

[డాబా మీద, సాయంత్రం. చేతిలో యాంటెన్నా. మాట్లాడుతూనే దాన్ని పిట్టగోడకి ఆనించాలి.]

నమస్తే అండీ. మాది నెల్లూరు. శ్రీహరికోట ఇక్కడికి సూటిగా గీత గీస్తే 80 కిలోమీటర్ల పైచిలుకు, 2022 దాకా మా జిల్లాలోనే ఉండేది. కాబట్టి అక్కడి రాకెట్ కేంద్రం షార్‌లో రాకెట్ అంటే మాకు పెద్ద వార్తేం కాదు, పైకెక్కి చూస్తాం, దక్షిణం వైపు ఒక నిప్పు చుక్క లేస్తుంది, వెనకాల తెల్లటి పొగ వంకర్లు తిరుగుతుంది, పిల్లలు చప్పట్లు కొడతారు, రెండు నిమిషాల్లో అందరూ కిందికి దిగిపోయి టిఫిన్ సంగతి చూసుకుంటారు. నేనూ ఇన్నేళ్ళు అదే చేశాను. ఆ తర్వాత పైన ఏం జరుగుతుందో పట్టించుకోలేదు.

2015 సెప్టెంబర్ 28, ఉదయం 10 గంటలకి పీఎస్ఎల్‌వీ సీ30 లేచింది. అందులో మన అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్ ఉందని అందరికీ తెలుసు. దానితో పాటు ఇండోనేసియావాళ్ళ లాపాన్-ఏ2 అనే ఉపగ్రహం కూడా పోయింది, అందులో హామ్ రేడియోవాళ్ళ కోసం, అంటే సరదాకి లైసెన్స్ తీసుకుని రేడియోలో మాట్లాడుకునేవాళ్ళ కోసం, ఒక రిపీటర్ ఉంది. రిపీటర్ అంటే కింద నుంచి ఒకడు మాట్లాడితే ఆ మాటని పట్టుకుని ఇంకో ఫ్రీక్వెన్సీలో మళ్ళీ కిందికి వదిలే పెట్టె. హామ్ ప్రపంచంలో దీని పేరు ఐఓ-86. మా డాబా మీద నుంచి చూసిన రాకెట్‌లో పోయిన పెట్టె మా డాబాకే మాట వినిపిస్తుందని నాకు పోయినేడాది దాకా తెలీదు. ఆ సిగ్గుతోనే మొదలుపెట్టా.

ముందే ఒక మాట. ఈ ఏడాదంతా నేను విన్నాను, అంతే. మాట్లాడలేదు. హామ్ ఫ్రీక్వెన్సీల్లో గాల్లోకి సిగ్నల్ పంపాలంటే కేంద్ర టెలికాం శాఖ పెట్టే పరీక్ష రాసి లైసెన్స్ తీసుకోవాలి, అది లేకుండా వాటి మీద వాకీటాకీ బటన్ నొక్కితే నేరం. ఆన్‌లైన్లో చైనా వాకీటాకీ కొనేసి "హలో హలో" అనేవాళ్ళు ఈ వీడియో చూస్తుంటే, దయచేసి ఆ పని మానుకోండి.

[యాంటెన్నా దగ్గరగా]

సామాన్లు ఏంటంటే, ఒక ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్, మూడు వేల లోపు వచ్చింది. ఇదొకప్పుడు కంప్యూటర్లో టీవీ చూడటానికి చేసిన పుల్ల, దాంతో రకరకాల రేడియో ఫ్రీక్వెన్సీలు వినొచ్చని 2012 ప్రాంతంలో కొందరు కనిపెట్టారు. దాన్ని ఓటీజీ కేబుల్‌తో ఫోన్‌కి తగిలిస్తే చాలు. ఇంక యాంటెన్నా. ఇదిగో, వడ్రంగి వాడే స్టీలు టేపు ముక్కలు, ఒక పీవీసీ పైపు. వెనక ముక్క 105 సెంటీమీటర్లు, మధ్యలోది రెండు సగాలు, ఒక్కోటి 45, ముందుది 89. పాతకాలం దూరదర్శన్ యాంటెన్నాకి తమ్ముడన్నమాట. అసలు కష్టం ఎక్కడొచ్చిందంటే, ఈ టేపు మీద పసుపు పెయింట్ ఉంటుంది కదా, దాని మీద సోల్డర్ అస్సలు అంటదు. నేను పైపైన గీకి, సీసం పోసి, అతుక్కుందని సంబరపడి డాబా ఎక్కితే, తీగ ఊడి చెప్పు మీద పడింది. మూడుసార్లు. చివరికి గరుకు కాగితంతో ఉక్కు తళతళా మెరిసేదాకా రుద్ది, ఫ్లక్స్ రాసి, ముక్కని బాగా వేడెక్కించాక సోల్డర్ నీళ్ళలా పరుచుకుంది. ఇందులో నేర్చుకున్నదేదైనా ఉంటే ముందు ఇదే, రేడియో సంగతి తర్వాత.

మొదటి రాత్రి మాత్రం పరువు పోయింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం పైనుంచి పోతుందని టైము చూసుకుని, తెల్లవారుజామున అలారం పెట్టుకుని, చలిలో నిలబడ్డా. గుడ్డి గవ్వంత సిగ్నల్ కూడా లేదు. పొద్దున చూసుకుంటే ఆ పట్టికలో ఉన్నది యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడి టైము, మనం అయిదున్నర గంటలు కలుపుకోవాలి. నేను నిలబడ్డప్పుడు అది భూమికి ఏ వైపున ఉందో.

రెండో తలనొప్పి గోల. రేడియోలో ఎప్పుడూ జుయ్‌మని ఒకటే రొద, ఎదురింటి ఎల్‌ఈడీ బల్బుల్ని తిట్టుకున్నా, వీధి దీపాన్ని తిట్టుకున్నా. ఒకరోజు విసిగిపోయి మెయిన్ ఆపి చూస్తే రొద పోయింది. ఒక్కో ప్లగ్గూ పెట్టుకుంటూ వస్తే దొంగ దొరికాడు, మా ఇంట్లోదే, నా ఫోన్ ఛార్జర్.

[తెర మీద: స్టేషన్ నుంచి పట్టిన బొమ్మ, అడ్డంగా తెల్ల చార]

ఇది చూడండి. అంతరిక్ష కేంద్రం అప్పుడప్పుడు, ముఖ్యంగా గగారిన్ అంతరిక్షంలోకి వెళ్ళిన ఏప్రిల్ 12 చుట్టుపక్కల, 145.800 మెగాహెర్ట్జ్ మీద బొమ్మలు పంపుతుంది. బొమ్మ అంటే ఫైలు కాదు, శబ్దం. ఒక్కో చుక్క ఎంత వెలుతురో దాన్ని బట్టి ఒక స్వరం, 1500 హెర్ట్జ్ అయితే నలుపు, 2300 అయితే తెలుపు. అలా వరసలు వరసలుగా కూతలు కూస్తూ ఒక బొమ్మ పూర్తి కావడానికి రెండు నిమిషాలు. స్టేషన్ మన మీద ఉండేదే మహా అయితే పది నిమిషాలు, మధ్యలో గ్యాప్ ఇస్తారు కాబట్టి రెండు బొమ్మలు, అదృష్టం ఉంటే మూడు. నేను స్పీకర్లో వినిపిస్తూ పక్కన పాత ఫోన్‌లో యాప్ పెట్టి పట్టాను. సాయంత్రం ఏడు. బొమ్మ చక్కగా దిగుతోంది, సగానికొచ్చింది, అంతలో కింద వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. ఆ తెల్ల చార అదే! యాప్‌కేం తెలుసు పాపం, విజిల్ కూడా స్వరమే కదా, అది కూడా అంతరిక్షం నుంచే వచ్చిందనుకుని గీసేసింది. తర్వాత వైరు పెట్టి శుభ్రమైన బొమ్మలు చాలా పట్టాను గానీ, ఫ్రేమ్ కట్టించుకుంది మాత్రం దీన్నే.

మాటలు వినడం ఇంకో రకం. ఎస్ఓ-50 అని 2002 డిసెంబర్లో ఎగిరిన సౌదీ ఉపగ్రహం ఉంది, 436.795 మెగాహెర్ట్జ్. దీనికి చిన్న యాంటెన్నా కావాలి, వెల్డింగ్ షాపులో ఇత్తడి రాడ్లు కొని ఇంకోటి చేశా, ఒక్కో పుల్లా మూరెడు కూడా ఉండదు. దీంతో తెలిసిందేంటంటే ఫ్రీక్వెన్సీ ఒకచోట నిలవదు. హైవే మీద లారీ హారన్ కొట్టుకుంటూ మనవైపు వచ్చేటప్పుడు సన్నగా, దాటిపోయాక బొంగురుగా వినిపిస్తుంది కదా, అదే ఇక్కడ సెకనుకి ఏడు కిలోమీటర్ల పైన వేగంతో జరుగుతుంది. లేచేటప్పుడు 436.805 దగ్గర పెట్టుకోవాలి, నడినెత్తికొచ్చేసరికి 795, దిగేటప్పుడు 785. అంటే ఒక చేత్తో ట్యూనింగ్, ఇంకో చేత్తో యాంటెన్నా ఆకాశంలో తిప్పడం, పైగా ఉపగ్రహం దాని మానాన అది దొర్లుతూ ఉంటుంది కాబట్టి మాట సన్నబడినప్పుడల్లా మణికట్టు తిప్పి పుల్లల్ని అడ్డం నుంచి నిలువుకి మార్చాలి. సగం తిప్పేసరికి గొంతు ఠక్కున తేటపడుతుంది. ఎన్ని వీడియోలు చూసినా రాదిది, చేతికి అలవాటు కావాల్సిందే.

నన్ను బాగా కట్టిపడేసింది మాత్రం ఏఓ-7 అనే పాత హామ్ ఉపగ్రహం. 1974 నవంబర్ 15న ఎగిరింది. 1981లో బ్యాటరీ షార్టయ్యి చచ్చిపోయింది, అందరూ తిలోదకాలు ఇచ్చేశారు. 21 ఏళ్ళ తర్వాత, 2002 జూన్‌లో, మళ్ళీ వినిపించింది! ఏమైందంటే షార్టైన ఆ బ్యాటరీ లోపల తెగిపోయింది, అడ్డం తొలగిపోయి సోలార్ పలకల కరెంటు నేరుగా రేడియోకి పోవడం మొదలైంది. అందుకే ఎండ తగిలితే లేస్తుంది, భూమి నీడలోకి పోతే పడుకుంటుంది. నేను విన్నది కీచుమంటున్న మోర్స్, అదే చుక్కలూ గీతల కోడ్, అదీ ముక్కలు ముక్కలుగా. నాకు మోర్స్ రాదు. అయినా అది అస్తమించేదాకా కదల్లేదు.

మన హామ్‌శాట్ కూడా చెప్పాలి. 2005 మే 5, కార్టోశాట్-1తో పాటు శ్రీహరికోట నుంచే. తొమ్మిదేళ్ళు పనిచేసి 2014 జులైలో బ్యాటరీ పోయి ఆగిపోయింది. ఆ తొమ్మిదేళ్ళూ నేను ఈ ఊళ్ళోనే ఉన్నా, ఇదే డాబా. సరే, వదిలేద్దాం.

క్యూఓ-100 గురించి అడుగుతారు కాబట్టి, అదీ విన్నాను. ఇదీ హామ్‌వాళ్ళ కోసం పెట్టిన రేడియో పెట్టే, ఖతార్‌వాళ్ళ ఎస్‌హైల్-2 ఉపగ్రహం మీద ఉంది, 36 వేల కిలోమీటర్ల ఎత్తులో కదలకుండా. పాత డీటీహెచ్ గొడుగు పడమటికి తిప్పి, 27 డిగ్రీలు ఎత్తి పెడితే రోజంతా వినిపిస్తూనే ఉంటుంది. మంచిదే గానీ, నిజం చెప్పాలంటే రెండు రోజులకే బోర్ కొట్టింది నాకు. పరుగు లేదు, టెన్షన్ లేదు.

[సాయంత్రం వెలుతురు. యాంటెన్నా దక్షిణం వైపు.]

ఇప్పుడు ఐఓ-86 దగ్గరికి. దీని దారి భూమధ్యరేఖకి ఆరు డిగ్రీలు మాత్రమే ఒంపు, అందుకని మా నెల్లూరుకి ఎప్పుడూ దక్షిణం వైపే, పడమర లేచి, ఆకాశంలో మూడో వంతు ఎత్తుకి కూడా రాకుండా తూర్పుకి దిగిపోతుంది. కానీ గంటా నలభై అయిదు నిమిషాలకోసారి వస్తుంది, రోజంతా. చిక్కేంటంటే రిపీటర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండదు. పదిహేను ఇరవైసార్లు ఉత్త రొదే విన్నా.

విన్నరోజు పక్కింటి సుబ్బమ్మక్క వడియాలు తీయడానికి వాళ్ళ డాబా ఎక్కింది.

"ఏందబ్బయా, రోజూ ఆ చేప ముల్లు పట్టుకుని గిరగిరా తిరగతా ఉండావు?"

చెప్పేలోపే గొంతులు వచ్చాయి. ఉపగ్రహం తూర్పుకి దిగుతోంది, అంటే ఇండోనేసియా దానికి దగ్గరవుతోంది, మాకు దూరమవుతోంది, ఆ మధ్యలో నాలుగైదు నిమిషాలు ఇద్దరికీ అందుతుంది. ఒకాయన గబగబా తన కాల్‌సైన్, అంటే హామ్‌వాళ్ళకి ఇచ్చే గుర్తింపు పేరు, చెప్పాడు, వెనకాల కోడి కూసింది, ఇంకొకాయన నవ్వాడు. అక్క వడియాల గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఎవుర్రా వాళ్ళు?"

"ఇండోనేసియావాళ్ళక్కా. మధ్యలో ఉపగ్రహం ఉంది. మన షార్ నుంచి పోయిందే, పదింటికి దోసెలు మాడిపోయాయని తిట్టావు చూడు, ఆ రోజు."

కొంచెంసేపు ఆలోచించింది. "అయితే ఇంగా ఆడే తిరగతా ఉందా?"

"ఉందక్కా. మళ్ళీ 7:20కి వస్తుంది."

"సరే, ఆ టయానికి కుక్కర్ పెట్టొద్దని మీ అమ్మతో చెప్పు."