సెన్సరులోని పొయ్యి: తక్కువ విద్యుత్తుతో గ్యాస్‌ను పసిగట్టడంలో నానో పదార్థాల పాత్ర

సభకు నమస్కారం.

ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టుల్లో తరచుగా కనిపించే, గ్యాస్ లీకును పసిగట్టే ఎంక్యూ-2 సెన్సరును మీలో చాలామంది చేతిలోకి తీసుకునే ఉంటారు. కరెంటు ఇచ్చిన కొద్దిసేపటికే దాని లోహపు జాలీ వెచ్చబడుతుంది. ఎందుకంటే లోపల ఒక చిన్న పొయ్యి ఆరకుండా వెలుగుతూ ఉంటుంది. 5 వోల్టుల వద్ద 33 ఓంల హీటరు తీసుకునే విద్యుత్తు సుమారు 760 మిల్లీవాట్లు. గ్యాస్ జాడను కొలవడానికయ్యే ఖర్చు దీనిముందు చాలా స్వల్పం. అంటే మనం తగ్గించవలసింది కొలత ఖర్చును కాదు, పొయ్యి ఖర్చును.

ఆ పొయ్యి ఎందుకు అవసరమైందో ముందు చూద్దాం. 1962లో జపాన్‌లో క్యుషు విశ్వవిద్యాలయానికి చెందిన సెయియామా బృందం జింక్ ఆక్సైడ్ పొరతో వాయువులను గుర్తించవచ్చని చూపగా, అదే కాలంలో నవోయోషి తగుచి టిన్ ఆక్సైడ్‌తో వంటగ్యాస్ లీకును పట్టే సెన్సరుకు రూపమిచ్చారు. వేడెక్కిన టిన్ ఆక్సైడ్ ఉపరితలానికి గాలిలోని ఆక్సిజన్ అంటుకొని, లోపలి ఎలక్ట్రాన్లను లాక్కొని పట్టుకుంటుంది కాబట్టి దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. వంటగ్యాస్ వంటి మండే వాయువు తగిలినప్పుడు ఆ ఆక్సిజన్ దానితో కలిసి ఖర్చయిపోయి, ఎలక్ట్రాన్లు తిరిగి పదార్థంలోకి చేరి, నిరోధం పడిపోతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం చురుకుగా సాగాలంటే సాధారణంగా 200 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి.

టిన్ ఆక్సైడ్ పొర చిన్న చిన్న రేణువుల కూర్పు. ఆక్సిజన్ ప్రభావం ఒక్కో రేణువు పైతోలును దాటి సుమారు 3 నానోమీటర్ల లోతుకే చేరుతుంది; నానోమీటరంటే మీటరులో వందకోట్లవ వంతు. రేణువు పెద్దదైతే ఈ మార్పు శనగగింజ మీది పొట్టులా పైపైనే నిలిచి, లోపల విద్యుత్ ప్రవాహం యథాతథంగా సాగిపోతుంది. రేణువు వ్యాసం 6 నానోమీటర్లకు దగ్గరపడితే మొత్తం రేణువే పొట్టుగా మారుతుంది. అక్కడి నుంచి స్పందన ఒక్కసారిగా పెరుగుతుందని జపాన్ పరిశోధకుడు యమజోయె బృందం 1991లో చూపింది. పల్లాడియం, ప్లాటినం నానో రేణువులను పైన అద్దితే అవి ఉత్ప్రేరకాలుగా పనిచేసి, అవసరమైన వేడిని కూడా తగ్గిస్తాయి. ఇందులో మరో లాభం ఉంది. అంత చిన్న రేణువులు ఎక్కువ వేడిలో ఒకదానితో ఒకటి అతుక్కొని పెద్దవైపోతాయి. వేడి తగ్గితే వాటి చిన్నతనం, దానితోపాటు సెన్సరు ఆయుష్షు నిలుస్తాయి.

అయితే విద్యుత్తు ఆదాలో సింహభాగం, నా దృష్టిలో, పొయ్యిని చిన్నది చేయడం వల్ల వచ్చింది. సిలికాన్ పలకను అడుగునుంచి తొలిచి, సిలికాన్ నైట్రైడ్ పలుచని పొరను వంతెనలా వేలాడదీసి, దాని మీదే హీటరును, నానో పదార్థాన్ని పరిస్తే, వేడి జారిపోయే దారి సన్నబడుతుంది. అప్పుడు 15 మిల్లీవాట్లు కూడా సరిపోవచ్చు. రెండు పెన్సిల్ సెల్లుల్లో దాదాపు 7.5 వాట్-గంటల శక్తి ఉంటుందనుకుంటే, ఎంక్యూ-2 హీటరు పది గంటల్లోనే దాన్ని తాగేస్తుంది. ఈ సూక్ష్మ హీటరు మూడు వారాలు నడుస్తుంది. అది మిల్లీసెకన్లలోనే వేడెక్కుతుంది కాబట్టి కాలంలో నూరోవంతు మాత్రమే వెలిగిస్తే, సెల్లు తనంతట తాను నీరసించడాన్ని పక్కన పెట్టి చూసినప్పుడు, లెక్క ఐదేళ్లు దాటుతుంది.

విద్యుత్తు వాడకంలో ఇంకా కిందికి దిగినవారూ ఉన్నారు. ఒకే ఒక టిన్ ఆక్సైడ్ నానో తీగను, కొలత కోసం పంపే విద్యుత్తుతోనే వేడెక్కించి, 20 మైక్రోవాట్లకు లోపే నైట్రోజన్ డయాక్సైడ్‌ను గుర్తించవచ్చని బార్సిలోనా పరిశోధకులు 2008లో చూపారు. ముచ్చటైన ప్రయోగమే, కానీ ఒక్కొక్క తీగను వెతికి కొసలు కలపడం ఫ్యాక్టరీ పని కాదు.

వేడే లేకుండా పనిచేసే కార్బన్ నానో ట్యూబుల (కార్బన్ పరమాణువులతో ఏర్పడిన అతిసన్నని గొట్టాల) సెన్సరును స్టాన్‌ఫర్డ్ బృందం 2000లో ప్రకటించింది. పట్టుకున్న వాయువును అది విడిచిపెట్టడానికి గది ఉష్ణోగ్రతలో గంటల కొద్దీ సమయం పడుతుంది. అల్ట్రావయొలెట్ కాంతితో దాన్ని తొందరపెట్టవచ్చు గాని, ఆ ఎల్ఈడీకీ విద్యుత్తు కావాలి. పైగా చల్లని ఉపరితలం మీద నీటి ఆవిరి తిష్ఠ వేస్తుంది. శ్రావణమాసపు ముసురులో విశాఖ తీరాన ఒక వంటింట్లో సెన్సరు చూసేది ప్రయోగశాల సిలిండరులోని పొడి గాలిని కాదు. తేమతోపాటు పోపు ఘాటూ సాంబ్రాణి పొగా దాన్ని తికమకపెడతాయి.

సింగరేణి భూగర్భ గనుల్లో భయం మీథేన్‌తో. గాలిలో 5 నుంచి 15 శాతం ఉంటే అది పేలుతుంది, కాబట్టి అంతకు చాలా ముందే హెచ్చరిక రావాలి. కార్బన్-హైడ్రోజన్ బంధాలు గట్టివి కావడంతో మీథేన్ అంత సులువుగా చర్యకు లొంగదు, గది ఉష్ణోగ్రతలో మరీ మొండికేస్తుంది. అందుచేత గనుల కోసం పనిచేయదలచిన విద్యార్థులు వేడిలేని సెన్సరు వెంట పడేకంటే, పల్లాడియం అద్దిన సూక్ష్మ హీటరును కొన్ని సెకన్లకోసారి వెలిగించే పద్ధతిని ముందు పరీక్షించాలని, ఆ పరీక్షను కూడా గనిలో ఉండేంత తేమ కలిపిన గాలిలో జరపాలని కోరుతున్నాను.