నడక కుదరాలంటే ముందు నడుము పట్టుకోండి

అందరికీ నమస్కారం. గేమ్ క్యారెక్టర్‌కి యానిమేషన్ నేర్చుకుందామని కూర్చున్న వాళ్లలో చాలామంది మొదటి రోజే కత్తి తిప్పించడం మొదలుపెడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. చెయ్యి తిరిగింది, కత్తి తిరిగింది, మనిషి మాత్రం దారానికి వేలాడుతున్నట్టే ఉన్నాడు. చేతిని ఎన్ని రోజులు దిద్దినా లాభం లేకపోయింది, ఎందుకంటే తప్పు చేతిలో లేదు, నడుములో ఉంది. అందుకే ఇవాళ నడక గురించి మాట్లాడుకుందాం.

బ్లెండర్ అనే 3D యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఉచితం కాబట్టి దాంట్లోనే చెప్తాను. రిగ్, అంటే బొమ్మలోపల ఎముకలు, రెడీగా ఉన్నదే తీసుకోండి. రిగ్ కట్టడం వేరే విద్య, రెండూ ఒకేసారి నెత్తిన పెట్టుకోవద్దు.

బ్లెండర్‌లో మామూలుగా సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి చిత్రాలు. మామూలు నడకకి ఆ ఒక్క సెకను చాలు, అందులో రెండు అడుగులు పడతాయి. 1వ ఫ్రేములో ముందు కాలి మడమ నేలకి తగులుతుంది. 4లో ఒంటి బరువంతా ఆ కాలి మీదికి వచ్చి మోకాలు వంగుతుంది. శరీరం బాగా కిందికి దిగేది ఇక్కడే. 7లో వెనక కాలు దీన్ని దాటుతుంది. 10లో మునివేళ్లు నేలని నెట్టి ఒంటిని పైకి లేపుతాయి. 13లో రెండో కాలి మడమ తగులుతుంది. అక్కణ్ణుంచి ఇదంతా అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. 25వ ఫ్రేము అచ్చం 1వ ఫ్రేమే, కాబట్టి లూప్, అంటే మళ్లీ మళ్లీ తిరిగే చుట్టు, 24 దగ్గరే ఆపండి. రెండూ ఆడిస్తే ప్రతి చుట్టుకీ చిన్న తడబాటు కనిపిస్తుంది.

ఇప్పుడు 7వ ఫ్రేము దగ్గర ఆగి, మీరే లేచి ఒంటికాలి మీద నిలబడి చూడండి. పడిపోకుండా ఉండటానికి నడుము తనంతట తానే ఆ కాలి వైపు జరుగుతుంది. గాల్లో ఉన్న కాలి వైపు తుంటి కొంచెం కిందికి దిగుతుంది. చాలా కొంచెమే, కానీ మనిషికి బరువు ఉందని కన్ను నమ్మేది దాన్ని బట్టే. నేను ఇప్పటికీ చేతులు, తల దాచేసి, నడుము ఎముక ఒక్కదాన్నే లూప్‌లో పెట్టి చూస్తాను. అది ఒక్కటే నడుస్తున్నట్టు కనిపించేదాకా మిగతావి ముట్టుకోను.

తర్వాత అందరినీ ఏడిపించేది కాలు జారడం. గేమ్‌లో పెట్టగానే పాదాలు మంచు మీద ఉన్నట్టు జారుతుంటాయి. లెక్క చూద్దాం. కోడ్‌లో మీ క్యారెక్టర్ సెకనుకు 1.5 మీటర్లు కదులుతుంటే, ఆ సెకనులో వేసే రెండు అడుగులూ కలిపి 1.5 మీటర్లే రావాలి. అక్కడికక్కడే నడిచే యానిమేషన్‌లో నేల మీదున్న పాదం వెనక్కి ఒకే వేగంతో పోవాలి. కానీ బ్లెండర్ మామూలుగా రెండు కీఫ్రేముల (మనం భంగిమ పెట్టిన ఫ్రేముల) మధ్య కదలికని మెల్లగా మొదలెట్టి మెల్లగా ఆపుతుంది. జారుడు అక్కడే పుడుతుంది. కదలికని గీతగా చూపించే గ్రాఫ్ ఎడిటర్ తెరిచి, పాదం నేల మీదున్నంతసేపూ ఆ గీతని లీనియర్ చేయండి. ఒంపు పోయి గీత తిన్నగా రాగానే పాదం నేలకి అతుక్కుంటుంది. మొదటిసారి అది చూసినప్పటి సంతోషం నాకింకా గుర్తుంది.

సొంత నడకని ఫోన్‌లో పక్కనుంచి వీడియో తీసుకోండి. దాన్ని కాపీ కొట్టడం అనుకోవద్దు. 1989లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా గేమ్‌లో హీరో పరుగులు, దూకుళ్లు అంత సహజంగా ఉన్నాయంటే, ఆ గేమ్ తయారుచేసిన జోర్డాన్ మెక్నర్ తన తమ్ముణ్ణి వీడియో తీసి ఫ్రేము తర్వాత ఫ్రేము దాని మీదే గీశాడు కాబట్టి.

నడక కుదిరాక కత్తి దగ్గరికి రండి. సినిమాలో అయితే కొట్టేముందు చెయ్యి వెనక్కి తీయడానికి 12 ఫ్రేములు ఇవ్వొచ్చు. గేమ్‌లో అది అర సెకను ఆలస్యం, బటన్ నొక్కిన వాడికి చిరాకు. వెనక్కి తీయడం 3, 4 ఫ్రేముల్లో ముగించి, దెబ్బ తగిలాక ఒళ్లు కుదురుకోవడానికి ఎక్కువ టైమ్ ఇవ్వండి. ఆ కుదురుకునేటప్పుడు ముందు ఆగాల్సింది నడుము, తర్వాత భుజం, ఆఖర్న కత్తి మొన.