ఆ కవరు నాది కాదు

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. నన్ను పరిచయం చేసిన మిత్రులు చాలా మంచి మాటలు చెప్పారు, వారికి కృతజ్ఞతలు. వాటిలో ఒక్కటి ఇవాళ్టి మాటకు కావాలి. నేను 34 ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పాను. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

నాకిచ్చిన అంశం 'కుటుంబం, ఆరోగ్య అవగాహన'. నాలుగు కాగితాలు రాసుకొచ్చాను కూడా. పరీక్షలు ఎప్పుడెప్పుడు చేయించుకోవాలి, ఏ లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు, అన్నీ ఉన్నాయి అందులో. అవి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు, చెప్పాలి కూడా. కానీ పరీక్ష చేయించుకున్నాక, ఫలితం చేతికొచ్చేలోపు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో ఎవరూ నాకు చెప్పలేదు. దాని గురించే మాట్లాడతాను. మా ఆవిడ సరేనంటేనే వచ్చాను. ఏం చెప్పొచ్చు, ఏం చెప్పకూడదు అన్నది నిన్న రాత్రి ఇద్దరం కూర్చుని అనుకున్నాం.

స్నానం చేస్తుంటే రొమ్ములో గోళీకాయంత గడ్డ చేతికి తగిలిందని ఒక రోజు పొద్దున్న చెప్పింది. నా నోట వచ్చిన మొదటి మాట, "ఏమీ అయ్యుండదులే." ఆమె ఇంకేదో చెప్పబోయి ఆగిపోయింది. ఆ ఆగిపోవడం నేను అప్పుడు గమనించలేదు.

మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, తీశారు, అల్ట్రాసౌండ్ చేశారు. మర్నాడు రిపోర్టు తెచ్చుకోవడానికి నేనొక్కణ్ణే వెళ్ళాను. అంటించిన కవరు, దాని మీద ఆమె పేరు. మెట్ల మీదే నిలబడి చింపేశాను. లోపల సగం మాటలు నాకు అర్థం కాలేదు. చివర్లో ఒక వరుస: బైరాడ్స్ 4ఎ. ఆ 4 తప్ప నాకింకేమీ కనబడలేదు. నాలుగో స్టేజి అనుకున్నాను. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

ఇంటికొచ్చి, "రిపోర్టు ఇంకా రాలేదట" అన్నాను. ఆ కవరు బీరువాలో నా చొక్కాల కింద పెట్టాను. రెండు రోజులు ఉంది అక్కడ.

రెండో రోజు రాత్రి జరిగింది చెబుతాను. 37 ఏళ్ళ కాపురంలో పడుకునే ముందు నా తలగడ పక్కన మంచినీళ్ళ గ్లాసు పెట్టేది ఆమే. ఆ రాత్రి నేను గ్లాసు నింపి ఆమె తలగడ పక్కన పెట్టాను. ప్రేమతోనే పెట్టాను. ఆమె ఆ గ్లాసు వంక చూసింది. నా మొహం చూసింది. "రిపోర్టు ఎక్కడ పెట్టారు?" అంది.

తీసి ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, మంచం అంచున కూర్చుని, మొదటి నుంచీ చివరి దాకా చదివింది. నేను చదవని వరుసలు కూడా చదివింది. "4ఎ అంటే ఏమిటి?" అని అడిగింది. నేను నోరు తెరవలేకపోయాను. "మీకూ తెలియదా? తెలియకుండానే రెండు రోజులు ఒక్కరే మోశారా?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఇప్పుడు లెక్కల మాస్టారుగా రెండు నిమిషాలు మాట్లాడనివ్వండి. బైరాడ్స్ అనేది రొమ్ము స్కానింగులు చదివే డాక్టర్లు ఒకరి మాట ఒకరికి స్పష్టంగా అర్థం కావడానికి పెట్టుకున్న వర్గీకరణ. 1993లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ తెచ్చింది. 0 నుంచి 6 దాకా ఉంటుంది. 0 అంటే ఇంకా బొమ్మలు తీయాలి, ఇప్పుడే ఏమీ చెప్పలేం అని. 3 అంటే దాదాపు ఖాయంగా మామూలు గడ్డే, కొన్నాళ్ళాగి మళ్ళీ చూద్దాం అని. 4 అంటే అనుమానం ఉంది, గడ్డలోంచి చిన్న ముక్క తీసి చూడాలి అని, బయాప్సీ అంటారే అది. ఆ నాలుగులో మళ్ళీ ఎ, బి, సి. 4ఎ అంటే క్యాన్సరయ్యే అవకాశం 2 శాతం పైన, 10 శాతం లోపల. అంటే అలాంటి రిపోర్టు వచ్చిన వందమందిలో తొంభైమందికో, అంతకంటే ఎక్కువమందికో అది క్యాన్సర్ కాదు. స్టేజి అన్నది పూర్తిగా వేరే లెక్క. క్యాన్సరని తేలాక, అది ఎంత దూరం పాకిందో చెప్పేది స్టేజి. రెండింటికీ సంబంధం లేదు. అంకె ఒక్కటే, అంతే. ఏ అంకె అయినా దేన్ని కొలుస్తోందో చూడకుండా చదవకూడదని 34 ఏళ్ళు పిల్లలకు చెప్పినవాణ్ణి నేను.

కానీ నా బాధ లెక్క తప్పినందుకు కాదు. ఒకవేళ ఆ 4 నిజంగా నేననుకున్నదే అయినా, ఆ కవరు నాది కాదు. దాని మీద ఉన్నది ఆమె పేరు. లోపల ఉన్నది ఆమె ఒంటి సంగతి. చింపే హక్కు నాకు లేదు, దాచే హక్కు అంతకన్నా లేదు. నేను దాచిన ఆ రెండు రోజులూ ముక్క పరీక్ష వెనక్కి పోయింది. అవి ఆమె రోజులు.

ఈ హాల్లో ఉన్న మగవాళ్ళను అడుగుతున్నాను. మీలో ఎంతమంది ఇలాంటి కవరు చింపారు? ఆడవాళ్ళనూ అడుగుతున్నాను. "ఆయన తట్టుకోలేరు" అని ఎంతమంది దాచారు? చేతులెత్తక్కర్లేదు. లోపలే చెప్పుకోండి.

డాక్టరు దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. పేరు చెప్పను, మంచి డాక్టరే. కానీ ఆ డాక్టరు మాట్లాడినంతసేపూ నా వైపే చూశారు. "నొప్పి ఉందా?" అని నన్నడిగారు. నేను జవాబు చెప్పాను! ఆమె పక్కనే కూర్చుని ఉండగా, ఆమె రొమ్ములో నొప్పి ఉందో లేదో నేను చెప్పాను. "ఆమెనే అడగండి" అనడానికి ఒక్క క్షణం చాలు. ఆ మాట మీరైనా అనండి. అడగాల్సినవి ముందే ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకుని వెళ్ళండి. అడిగేది ఆమె, రాసుకునేది మీరు. భయంలో ఉన్న మనిషికి డాక్టరు చెప్పినదాంట్లో సగం చెవిన పడదు. అక్కడ మన పని రాసుకోవడం.

ముక్క తీసిన రోజు సంగతి ఆమె చెప్పమంది, చెబుతున్నాను. మత్తు సూది ఇస్తారు, పెద్దగా నొప్పి లేదు. కానీ ముక్క తీసే సూదికి స్ప్రింగు ఉంటుంది. నొక్కినప్పుడల్లా స్టేప్లర్ కొట్టినట్టు టక్కుమని చప్పుడు. నాలుగైదు సార్లు. "ఆ చప్పుడు వస్తుందని ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఉలిక్కిపడేదాన్ని కాదు" అంది. అందుకే చెబుతున్నాను.

ఆ తర్వాత తొమ్మిది రోజులు. మూడు రోజులయ్యాక నా బుర్ర ఒకటే పాట పట్టింది: ఆలస్యమవుతోందంటే చెడ్డ కబురే. అది తప్పని తర్వాత, ఇలాంటి ముక్కలను పరీక్షించే ఒక పాథాలజీ డాక్టరును అడిగి తెలుసుకున్నాను. తీసిన ముక్కను చెడిపోకుండా ఫార్మలిన్ అనే ద్రవంలో వేస్తారు. అందులో అది గట్టిపడడానికే కొన్ని గంటలు కావాలి, తొందరపడితే కణాలు సరిగ్గా కనపడవు. తర్వాత నీరంతా తీసేసి మైనంలో పోసి దిమ్మ చేస్తారు. ఆ దిమ్మను మూడు నుంచి ఐదు మైక్రాన్ల మందాన పొరలుగా కోస్తారు. మన తలవెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలచన. గాజు పలక మీద పరిచి రంగు అద్ది, అప్పుడు మైక్రోస్కోపు కింద చూస్తారు. ఇంకా తేలకపోతే మరికొన్ని రంగులు, మరికొన్ని రోజులు. ఒక్కోసారి రెండో డాక్టరుకు కూడా చూపిస్తారు. జాగ్రత్తగా చూస్తున్నారు కాబట్టి ఆలస్యం. ఇదంతా నాకు ఆ తొమ్మిది రోజుల్లో తెలిసి ఉంటే, అర్ధరాత్రి ఫోన్ తెరిచి కనపడ్డదల్లా చదివేవాణ్ణి కాదు.

ఆ రాత్రుల్లో ఒక రాత్రి రెండు గంటలప్పుడు ఆమె మేలుకునే ఉందని తెలిసింది. నాకు అలవాటైన మాట నోటి చివరి దాకా వచ్చింది, "ఏమీ కాదులే" అని. ఈసారి మింగేశాను. "భయంగా ఉందా?" అని అడిగాను. "ఉంది" అంది. "నాకూ ఉంది" అన్నాను. అంతే మా మాటలు. తర్వాత ఆమె గంటసేపు మాట్లాడింది. వాళ్ళ అమ్మ గురించి, పిల్లలకు ఎప్పుడు చెప్పాలన్న దాని గురించి, ఇంకా చాలా. ఆ పొద్దున్న ఆగిపోయిన మాట కూడా అప్పుడే బయటికొచ్చింది. ఆ మాట ఏమిటో ఇక్కడ చెప్పవద్దంది. "ఏమీ కాదులే" అన్నప్పుడల్లా నేను ఆమె నోరు నొక్కానని ఆ రాత్రి తెలిసింది నాకు.

బంధువుల ఫోన్ల గురించి కూడా చెప్పాలి కానీ అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. ఒక్క మాట. ఎవరికి చెప్పాలో ఆమె నిర్ణయించాలి. ఆమె మా చెల్లెలికి ఒక్కదానికే చెప్పమంది. ఒక్కదానికే చెప్పాను. మిగిలినవాళ్ళు తర్వాత నొచ్చుకున్నారు. నొచ్చుకోనివ్వండి.

తొమ్మిదో రోజు మళ్ళీ కవరు వచ్చింది. ఈసారి కూడా తేవడానికి వెళ్ళింది నేనే, ఆమె పంపితేనే. మెట్లు దిగాను, ఆగలేదు. అంటించినది అంటించినట్టే ఆమె చేతిలో పెట్టాను. ఆమె కళ్ళజోడు కోసం చూసింది. బల్ల మీద ఉంటే అందించాను. పక్కన కూర్చున్నాను. ఆమె చదువుతున్నంతసేపూ కాగితం వైపు చూడలేదు నేను. చదివి, మడిచి, నా చేతికిచ్చి, "ఇప్పుడు మీరు చదవండి" అంది.

నా సమయం అయిపోయింది. ప్రశ్నలుంటే అడగండి, తెలిసినంతవరకు చెబుతాను. ఆ రెండో కవరులో ఏముందని మాత్రం నన్నడగవద్దు. ఆమె మూడో వరుసలోనే ఉంది. చెప్పాలనిపిస్తే తనే చెబుతుంది.